కమాను కూర్చుంది, మెత్తబడలేదు

మామూలు ట్రాక్టర్ వెనక ఇరుసు కింద స్ప్రింగులు ఉండవు. లారీకి, బస్సుకి, ఆటోకి, చివరికి సైకిల్ సీటుకి కూడా ఉండే స్ప్రింగు అంత బరువైన బండికి లేకపోవడం వింతగానే ఉంటుంది. దాని ఇరుసు గొట్టాలను నేరుగా గేర్‌బాక్సు ఒంటికే బోల్టులతో బిగిస్తారు. గతుకుల్లో కాస్త మెత్తదనం ఇచ్చేవి గాలి నింపిన పెద్ద టైర్లు, డ్రైవర్ సీటు కింది స్ప్రింగు, అంతే. కారణం దుక్కిలోనే ఉంది. ఇరుసు కింద స్ప్రింగులుంటే నేల గట్టిపడిన ప్రతిసారీ బండి వెనక భాగం కిందికీ పైకీ ఆడుతుంది, దాంతోపాటు నాగలి లోతు కూడా మారిపోతుంది.

అయితే అదే ట్రాక్టర్ వెనక, డ్రైవర్ వీపు కింది భాగంలో, నాగలి తల నుంచి వచ్చే టాప్ లింక్ కలిసే చోట చాలా మోడళ్లలో ఒక పొట్టి, లావుపాటి స్ప్రింగు ఉంటుంది. దానికి కుదుపులతో పని లేదు. నేల ఎంత గట్టిగా ఉందో కొలవడం దాని పని.

జహీరాబాద్ చుట్టుపక్కల దున్నేవాళ్లకు ఈ స్ప్రింగు విలువ తెలుసు, దాని పేరు తెలియకపోయినా. అల్లం, ఆలుగడ్డ పండే ఎర్రనేలలు ఇక్కడే ఉన్నాయి. న్యాల్‌కల్ వైపు పోతే వాన వెళ్లిపోయాక నేలలో మిగిలిన తేమతోనే శనగ, జొన్న, కుసుమ పండించే నల్లరేగడి ఉంది. ఒకే చెలకలో ఒక మూల మొరం తేలి, ఇంకో మూల మట్టి జిగురుగా ఉండడం మామూలే. నాగలి ఎర్రనేల నుంచి రేగడిలోకి దిగగానే దాని మీద లాగుడు అమాంతం పెరుగుతుంది. పెరిగిన లాగుడుకి నాగలి ముందుకు వాలబోయి టాప్ లింక్‌ను ట్రాక్టర్ వైపు నెడుతుంది. టాప్ లింక్ వెళ్లి ఆ లావుపాటి స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది. ఆ కుంగుడు ఒక చిన్న మీట ద్వారా హైడ్రాలిక్ వాల్వుకు చేరుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, నాగలి కొద్దిగా పైకి లేస్తుంది. లాగుడు తగ్గితే స్ప్రింగు తిరిగి సాగి నాగలిని దింపుతుంది. ఇదంతా డ్రైవర్ చేయి కదపకుండానే జరుగుతుంది. సీటు పక్కనున్న లివర్‌తో అతను చేసేదల్లా ఎంత లాగుడు దగ్గర నాగలి లేవాలో ముందే చెప్పిపెట్టడం.

ఈ ఏర్పాటు ఐర్లాండ్ ఇంజనీరు హారీ ఫెర్గూసన్‌ది. 1920ల్లో పేటెంట్ తీసుకుని, 1939లో హెన్రీ ఫోర్డుతో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టర్‌తో ఆయన దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆ తరువాత దాదాపు ప్రతి కంపెనీ ఏదో ఒక రూపంలో దాన్నే వాడుకుంది. ఇప్పుడు ఖరీదైన ట్రాక్టర్లలో స్ప్రింగు స్థానంలో ఎలక్ట్రానిక్ పిన్నులు వస్తున్నాయి. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో మాత్రం ఎక్కువగా స్ప్రింగుదే రాజ్యం.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. ఆ స్ప్రింగు మరీ మెత్తగా ఉంటే చిన్న మట్టిగడ్డ తగిలినా నాగలి ఎగిరెగిరి పడుతుంది, సాలు అలలు అలలుగా తేలుతుంది. మరీ గట్టిగా ఉంటే ఇంజన్ రొప్పుతున్నా నాగలి లేవదు. అంటే నేలను కొలిచే ఆ స్ప్రింగును ముందు మనం కొలవాలి. ఎలా?

జవాబుకు ముందు ఊరి సంగతి. జహీరాబాద్‌కీ స్ప్రింగులకీ చుట్టరికం కొత్తది కాదు. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేయడానికి ఫ్యాక్టరీ పెట్టింది ఈ ఊళ్లోనే. ఆ దశకం చివర్లో అది మహీంద్రా చేతికి వచ్చింది. మూడు చక్రాల బండ్లు, ఆ తరువాత ట్రాక్టర్లు ఇక్కడి నుంచే తయారై వెళ్తున్నాయి. ఊరి పక్కనుంచే పోయే హైదరాబాద్–పుణె జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ లారీలు ఆగవు. లారీలు తిరిగే చోట కమాన్ కట్టలు, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు, విరుగుతాయి. వాటిని విప్పి, వంపు సరిచేసి, కొత్త పట్టీ వేసి పంపే షెడ్లు ఏ హైవే ఊళ్లోనైనా ఉంటాయి. లారీ డ్రైవర్ అక్కడికి వచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే: కమాన్ కూర్చుంది, గట్టిపట్టీ వెయ్యి. ఇందులో మొదటి సగం అక్షరాలా నిజం. రెండో సగం మాత్రం ఆలోచించాల్సిన మాట.

మొదట కొలత సంగతి. స్ప్రింగు బిగువు అంటే చాలా సాదా లెక్క. దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికో లాగడానికో ఎంత బలం కావాలి? 10 కిలోల బరువుకు 5 మిల్లీమీటర్లు కుంగితే దాని బిగువు మిల్లీమీటరుకు 2 కిలోలు. శాస్త్రం ప్రకారం బలాన్ని న్యూటన్లలో చెప్పాలి కాబట్టి కిలోను 9.8తో గుణించి మిల్లీమీటరుకు సుమారు 20 న్యూటన్లు అంటాం. పాఠ్యపుస్తకాల్లో దీన్నే స్ప్రింగు స్థిరాంకం అంటారు. బరువు రెట్టింపైతే కుంగుడూ రెట్టింపవుతుందన్న ఈ సూత్రం రాబర్ట్ హుక్‌ది. గడియారాల్లో స్ప్రింగు వాడటం గురించి హాలండ్ శాస్త్రవేత్త హైగెన్స్‌తో పేచీ నడుస్తున్న రోజులవి. అందుకే 1676లో హుక్ తన సూత్రాన్ని చెప్పీ చెప్పనట్టు, లాటిన్ వాక్యంలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి అచ్చు వేయించాడు. దాన్ని విప్పి చెప్పింది 1678లో. రెండేళ్లపాటు ఫిజిక్సులోని ఒక మౌలిక సూత్రం పొడుపుకథగా ఉండిపోయిందన్నమాట.

బిగువు దేన్నిబట్టి వస్తుంది? ఎవరినడిగినా ఉక్కు రకాన్నిబట్టి అంటారు. మంచి ఉక్కు అయితే గట్టి స్ప్రింగు, నాసిరకం అయితే మెత్తది అని. ఇది తప్పు. మామూలు ఇనుప చువ్వతోనూ, సిలికాన్ మాంగనీస్ కలిపిన ఖరీదైన స్ప్రింగు ఉక్కుతోనూ ఒకే కొలతల్లో రెండు స్ప్రింగులు చుట్టారనుకోండి. తేలికపాటి బరువు పెట్టి కొలిస్తే రెండింటి బిగువూ దాదాపు ఒకటే. ఉక్కు ఏదైనా, దాన్ని కాల్చినా, నూనెలో ముంచి పదును పట్టించినా, సాగుడుకు అది ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే యంగ్ గుణకం 200 గిగాపాస్కల్ దగ్గరే తచ్చాడుతుంది. తేడా వచ్చేది బరువు పెరిగినప్పుడు. ఇనుప చువ్వ స్ప్రింగు ఒక హద్దు దాటగానే వంగినచోటే వంగి ఉండిపోతుంది. స్ప్రింగు ఉక్కుది ఆ హద్దు చాలా పైన ఉంటుంది కాబట్టి తిరిగి లేస్తుంది. మంచి ఉక్కు కొనేది స్ప్రింగు తిరిగి లేవడానికి. ఎంత గట్టిగా ఉండాలన్నది నిర్ణయించేది కొలతలు.

ఆ కొలతల సంగతి తెలియాలంటే చుట్టల స్ప్రింగులో ఏం జరుగుతుందో చూడాలి. పైనుంచి నొక్కితే తీగ వంగుతోందని కంటికి అనిపిస్తుంది. నిజానికి తీగలో ప్రతి ముక్కా తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. చుట్టల స్ప్రింగు అంటే పొడుగాటి కడ్డీని మెలిపెట్టే ఏర్పాటే. జాగా కలిసిరావడానికి దాన్ని గుండ్రంగా చుట్టారు. చుట్టకుండా తిన్నగా వాడిన కడ్డీ కావాలంటే జహీరాబాద్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో సంగారెడ్డి దాటాక ఎద్దుమైలారం ఉంది. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే సైన్యపు ‘సరథ్’ యుద్ధవాహనం చక్రాలు మెలితిరిగే కడ్డీల మీదే నిలబడతాయి. అందుకే చుట్టల స్ప్రింగు లెక్కలో యంగ్ గుణకం కనిపించదు, మెలికకు సంబంధించిన దృఢతా గుణకం వస్తుంది.

ఆ లెక్క ఇది. తీగ మందాన్ని నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించుకోవాలి, దాన్ని దృఢతా గుణకంతో హెచ్చవేయాలి. వచ్చినదాన్ని చుట్ట వ్యాసం ఘనం, చుట్టల సంఖ్య, ఎనిమిది, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. చూడటానికి పొడి సూత్రమే కానీ ఇందులో దాగిన సంగతులు బజారులో పనికొస్తాయి. తీగ మందం 10 శాతం పెరిగితే బిగువు 46 శాతం పెరుగుతుంది. చుట్ట వ్యాసం 10 శాతం పెరిగితే బిగువు పాతిక శాతం పడిపోతుంది. చుట్టలు తగ్గితే బిగువు పెరుగుతుంది. స్ప్రింగును సగానికి కోస్తే ఒక్కో ముక్క మునుపటికి రెట్టింపు గట్టిది. బండి కిందికి దిగి స్టైలుగా కనిపించాలని కారు స్ప్రింగుల్లో ఒకటి రెండు చుట్టలు కోయించే కుర్రాళ్లు మెత్తటి స్ప్రింగు వచ్చిందనుకుంటారు. వచ్చేది గట్టిదీ పొట్టిదీ. బండి నడుస్తుంటే వాళ్ల నడుముకు ఆ తేడా తెలుస్తుంది. ఇంకోటి, పాత స్ప్రింగు పట్టుకుని స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లి పైకి అదే లావు, అదే పొడుగు ఉన్నదాన్ని తెచ్చుకుంటే సరిపోదు. తీగ మందంలో కంటికి ఆనని తేడా నాలుగుసార్లు హెచ్చవుతుంది. వెర్నియర్ లేకుండా స్ప్రింగు కొనకూడదు.

ఇప్పుడు చేతితో కొలిచి చూద్దాం. ట్రాక్టర్ బ్రేకు పెడలును వెనక్కి లాగే స్ప్రింగు ఒకటి తీసుకోండి. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని, రెండు చివర్లా కొక్కేలుండే రకం. ఒక కొక్కేన్ని దూలానికి తగిలించి, రెండోదానికి సంచీ వేలాడదీసి, పక్కన స్టీలు స్కేలు నిలబెట్టండి. తూకపు రాళ్లు కిరాణా కొట్టులో అడిగి తెచ్చుకుంటే మంచిది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న రాళ్లు మన ల్యాబు పరికరాల కంటే నమ్మకమైనవి. సంచీ బరువు లెక్కలోకి రానంత తేలిగ్గా ఉండాలి.

కొలతలు ఇలా వచ్చాయనుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు స్ప్రింగు పొడవు 120 మిల్లీమీటర్లు. కిలో రాయి వేశాం, ఇంకా 120. రెండు కిలోలకు 127, మూడుకు 140, నాలుగుకు 153, ఐదుకు 166. తొందరపడేవాళ్లు చివరి కొలత ఒక్కటే తీసుకుంటారు. ఐదు కిలోలకు 46 మిల్లీమీటర్లు సాగింది కాబట్టి భాగిస్తే మిల్లీమీటరుకు 1.07 న్యూటన్లు అని తేల్చేస్తారు. అది తప్పు. మొదటి కిలోకు స్ప్రింగు ఉలకలేదు, పలకలేదు. ఎందుకంటే ఇలాంటి స్ప్రింగులను చుట్టేటప్పుడే చుట్టలు ఒకదాన్నొకటి అదుముకునేలా చుడతారు. ముందు ఆ అదుముడును గెలవాలి, ఆ తరువాతే సాగుడు మొదలవుతుంది. కాబట్టి చూడాల్సింది మొత్తం సాగుడును కాదు, కిలో కిలోకీ పెరిగిన సాగుడును. రెండు నుంచి ఐదు వరకు ప్రతి కిలోకూ 13 మిల్లీమీటర్లు. అంటే అసలు బిగువు మిల్లీమీటరుకు 0.75 న్యూటన్లు. తొందరలెక్క 40 శాతం ఎక్కువ చెప్పింది. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీస్తే ఈ పొరపాటు జరగదు. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే అది సున్నా దగ్గర కాకుండా సుమారు 1.46 కిలోల దగ్గర తగులుతుంది. చుట్టల్లో ముందే దాచిన అదుముడు అంతన్నమాట. ఇంటర్ ల్యాబులో గ్రాఫు గీయమంటే విసుక్కునే పిల్లలకు చెప్పాల్సిన కారణం ఇదే. గీత వాలు బిగువును చెబుతుంది, గీత మొదలయ్యే చోటు ఇంకో రహస్యం చెబుతుంది. ఒక్క కొలతతో ఈ రెండూ దొరకవు.

స్కేలు కూడా వద్దనుకుంటే గడియారం చాలు. ఐదు కిలోలు వేలాడుతుండగా సంచీని ఓ రెండు సెంటీమీటర్లు కిందికి లాగి వదలండి. పైకీ కిందికీ ఊగుతుంది. ఇరవై ఊపులకు పట్టే కాలం చూడండి. మన ఉదాహరణలోని స్ప్రింగుకు అది సుమారు 10.2 సెకన్లు, అంటే ఊపుకు 0.51 సెకన్లు. బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని 39.5తో గుణించి, ఊపు కాలాన్ని రెండుసార్లు వేసి భాగిస్తే బిగువు మీటరుకు ఇన్ని న్యూటన్లని వస్తుంది. ఇక్కడ దాదాపు 760. స్కేలు పద్ధతిలో మిల్లీమీటరుకు 0.75 అంటే మీటరుకు 750. రెండూ కలిశాయి. ఈ పద్ధతిలో ఓ సొగసు ఉంది, గురుత్వాకర్షణ విలువ అక్కర్లేదు. చంద్రుడి మీద కొలిచినా జవాబు ఇదే. జాగ్రత్త ఒక్కటే, ఊగేటప్పుడు చుట్టలు మళ్లీ అతుక్కునేంత పెద్దగా ఊపకూడదు. స్ప్రింగు సొంత బరువు ఎక్కువైతే అందులో మూడో వంతు రాళ్ల బరువుకు కలపాలి.

నొక్కే స్ప్రింగులకు మెకానిక్కులు ఇంకో ఉపాయం చేస్తారు. డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, డ్రిల్లు పట్టే చోట మొద్దు కడ్డీ బిగించి మెల్లగా దింపుతారు. కాటా మీద బలం కనిపిస్తుంది. ఉపాయం మంచిదే. ఇబ్బంది ఎక్కడంటే కాటా కూడా లోపల ఓ రకం స్ప్రింగే, బరువు పడితే అదీ కుంగుతుంది. మిషన్ బల్ల కూడా కొద్దిగా వంగుతుంది. హ్యాండిల్ ఎంత దిగిందో చూసి లెక్కేస్తే వాటి కుంగుడంతా స్ప్రింగు ఖాతాలో పడుతుంది, దాన్ని ఉన్నదానికంటే మెత్తగా చూపిస్తుంది. కాబట్టి వెర్నియర్‌తో స్ప్రింగు ఎత్తునే నేరుగా కొలవాలి.

ఇక లారీ కమాన్ కట్ట. ఇక్కడ పట్టీలు నిజంగానే వంగుతాయి, కాబట్టి లెక్క వేరు. బిగువు పట్టీ వెడల్పునుబట్టి, పట్టీల సంఖ్యనుబట్టి తిన్నగా పెరుగుతుంది. మందానికైతే ఘనం. 10 మిల్లీమీటర్ల పట్టీలు తీసి 12వి వేస్తే బిగువు 73 శాతం పెరుగుతుంది. ఒకే కొలత పట్టీలు పది ఉన్న కట్టకు పదకొండోది కలిపితే సుమారు పది శాతం. లారీ యజమానికి ‘గట్టిపట్టీ’ అనే మాట ఒకటే కానీ, మందం పెంచడానికీ సంఖ్య పెంచడానికీ మధ్య ఇంత దూరం ఉంది.

ఇప్పుడు కూర్చున్న కమాను సంగతికి వద్దాం. ఏళ్ల తరబడి మోసి మోసి, ఓవర్‌లోడు తిని, కట్ట వంపు చదునవుతుంది. బండి ఒక పక్కకు ఒరుగుతుంది. స్ప్రింగు మెత్తబడింది కాబట్టి ఒరిగింది అని అందరూ అనుకుంటారు. కానీ ఉక్కు గుణకం వయసుతో తగ్గదు, పట్టీల కొలతలు మారలేదు. పట్టీ విరగనంత వరకు, తుప్పు దాని మందాన్ని తిననంత వరకు ఆ కట్ట బిగువు కొత్తప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. పోయింది ఎత్తు. హద్దు దాటిన బరువు కొన్నిసార్లు పడి పట్టీలు శాశ్వతంగా వంగిపోయాయి, అంతే తేడా. నమ్మకం కుదరకపోతే కొలిచి చూడవచ్చు. ఖాళీ లారీ వెనక చక్రాలను మాత్రమే ధర్మకాంటా మీదికి ఎక్కించి బరువు రాసుకోండి. ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఎత్తును రెండు పక్కలా టేపుతో కొలవండి. లోడు వేశాక మళ్లీ అదే పని. ఇరుసు మీద 6 టన్నులు పెరిగి, రెండు పక్కలా 50 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. ఒక్కో కట్ట 3 టన్నులు మోసింది, బిగువు మిల్లీమీటరుకు 60 కిలోలు. కూర్చున్న కట్టకూ, కూర్చోని కట్టకూ ఈ అంకె దగ్గరదగ్గరగా వస్తుంది. మొదటి ఎత్తులే వేరువేరుగా ఉంటాయి. రెండు పక్కలా కుంగుడు బాగా తేడాగా వస్తే మాత్రం అనుమానించాల్సిందే. లోపల ఏదో పట్టీ విరిగి ఉంటుంది.

ఈ కొలతలో రెండు చిక్కులున్నాయి. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడి వల్ల లోడు ఎక్కించేటప్పుడు ఒక ఎత్తు, దించేటప్పుడు అదే బరువుకు ఇంకో ఎత్తు కనిపిస్తుంది. అందుకే కొలిచేముందు బండిని కొంత దూరం నడిపి ఆపాలి. తుప్పు పట్టి గ్రీజు ఎండిన కట్టల్లో ఈ తేడా బాగా ఉంటుంది. ఇక హెల్పర్ పట్టీలున్న బండిలో గీత తిన్నగా ఉండదు. ఒక బరువు దాటాక పైనున్న ఆ హెల్పర్ కట్ట కూడా ఆనుకుంటుంది, అక్కడి నుంచి బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది లోపం కాదు. ఖాళీ బండికి మెత్తదనం, లోడు బండికి గట్టిదనం రెండూ కావాలని చేసిన ఏర్పాటే.

కూర్చున్న కట్టకు మందు గట్టిపట్టీ కాదని ఇప్పుడు తేలిపోతుంది. దానికి కావలసింది వంపు తిరిగి తేవడం, లేదా అదే కొలతలో కొత్త కట్ట. మందం పెంచి పట్టీ వేయిస్తే బండి ఎత్తు పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు బిగువూ పెరుగుతుంది, ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. దీనికి కూడా ఓ సులువు లెక్క ఉంది. మోస్తున్న బరువుకు స్ప్రింగు 100 మిల్లీమీటర్లు కుంగితే బండి సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు ఊగుతుంది, ఒళ్లు తట్టుకునే ఊపు. 25 మిల్లీమీటర్లే కుంగితే సెకనుకు మూడుసార్లకు పైగా. ఆ కుదుపు డ్రైవర్ వెన్నుకూ, ఛాసిస్ రివిట్లకూ, వెనక ఏమైనా సరుకు మిగిలి ఉంటే దానికీ తగులుతుంది. ఇక వంపు తేవడం కూడా ఎవరు చేస్తున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది. పట్టీని ఎర్రగా కాల్చి సుత్తితో వంచి, చల్లారాక అలాగే బిగించేస్తే ఫ్యాక్టరీలో పట్టించిన పదును పోతుంది. బిగువు అంతే ఉంటుంది, హద్దు మాత్రం పడిపోతుంది. చూడటానికి బ్రహ్మాండంగా లేచిన ఆ కట్ట నాలుగు ట్రిప్పులకే మళ్లీ కూర్చుంటుంది. కాల్చితే మళ్లీ నూనెలో ముంచి, మళ్లీ ఓ మోస్తరు వేడి మీద పదును తేవాలి. అది చేతకాని చోట చల్లగా ఉండగానే మిషన్ మీద వంచడం మేలు.

ఈ విషయంలో రైల్వేవాళ్ల పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. వికారాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా పర్లి వైపు వెళ్లే మార్గంలోనే కాదు, దేశమంతటా దశాబ్దాలుగా తిరిగిన నీలిరంగు ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెల చక్రాల దగ్గర చుట్టల స్ప్రింగులుంటాయి. పెట్టె మరమ్మతుకు వచ్చినప్పుడు క్యారేజ్ వర్క్‌షాపులో వాటిని విప్పి శుభ్రం చేసి, పగుళ్లున్నాయేమో చూసి, పరీక్ష మిషన్ మీద పెడతారు. సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాపు ఇలాంటి పనికి పాతకాపు, నిజాం రైల్వే కాలం నాటిది. నాన్-ఏసీ పెట్టె చక్రం దగ్గరి స్ప్రింగుకు నియమం ఇది. ఖాళీ ఎత్తు 360 మిల్లీమీటర్లు, తీగ మందం 33.5. దాని మీద 2,000 కిలోల బరువు పెడితే ఎత్తు 279 నుంచి 295 లోపల ఉండాలి. ఆ లోపల కూడా మూడు వర్గాలు చేస్తారు. 279–284 వస్తే ‘ఎ’, 285–289 అయితే ‘బి’, 290–295 అయితే ‘సి’. ఒక్కో వర్గానికి పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు పట్టీ. ఒక బోగీకి బిగించేవన్నీ ఒకే రంగువి అయి ఉండాలి.

ఈ అంకెల్లో నాకు నచ్చినది ఒకటుంది. మధ్యస్థంగా తీసుకుంటే స్ప్రింగు 73 మిల్లీమీటర్లు కుంగుతోంది, అంటే మిల్లీమీటరుకు సుమారు 27 కిలోలు. కానీ రైల్వే ఆ అంకెను అడగడం లేదు. పనిచేసే బరువు కింద ఎత్తు ఎంత అని అడుగుతోంది. బిగువు, ఖాళీ ఎత్తు అనే రెండింటి ఫలితం ఒకే కొలతలో బయటపడుతుంది. కూర్చున్న స్ప్రింగు అక్కడే దొరికిపోతుంది, తీగ మందం తేడా ఉన్నదీ దొరికిపోతుంది. పెట్టె సమంగా నిలబడటానికి కావలసింది అదే. ధర్మకాంటా దగ్గర టేపు పట్టుకుని కొలిచే లారీవాడు చేసేదీ చిన్న స్థాయిలో ఇదే పని, కాకపోతే రంగులుండవు.

ట్రాక్టర్ టాప్ లింక్ దగ్గరి స్ప్రింగుకు ఈ భాగ్యం దక్కదు. అది కనపడదు, చప్పుడు చేయదు, గ్రీజు మురికిలో మునిగి ఉంటుంది. నాగలి ఎగిరెగిరి పడుతుంటే రైతు పంపును అనుమానిస్తాడు, మెకానిక్ హైడ్రాలిక్ నూనె మారుస్తాడు, ఖర్చు వేలల్లోకి పోతుంది. చాలా మోడళ్లలో ఈ స్ప్రింగుకు ముందే కొంత బిగింపు ఉంటుంది, ఆ బిగింపు నట్టు వదులైతే లింక్ కొద్దిదూరం ఊరికే ఆడుతుంది. ఆ ఆటలో స్ప్రింగు నేలను కొలవడం లేదు. కాబట్టి నాగలి లోతు నిలవడం లేదనిపిస్తే పంపు విప్పించేముందు ఇంజన్ ఆపి, నాగలిని నేల మీద దించి, టాప్ లింక్‌ను చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించి చూడండి. అలాగే లారీ ఉన్నవాళ్లు కొత్త కమాన్ కట్ట వేయించిన రోజే రెండు పక్కలా ఖాళీ ఎత్తు కొలిచి, ఆ రెండు అంకెలను పెయింటుతో ఛాసిస్ మీద రాయించండి. రెండేళ్ల తరువాత షెడ్డుకు వెళ్లినప్పుడు కమాను ఎంత కూర్చుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.